కోతెన్ కోటలో కొబ్బరి చెట్టు
(గిడుగు రామమూర్తి పంతులు స్మారకోపన్యాస పాఠం)



గిడుగు రామమూర్తి పంతులుగారి పేరు మీద జరిగే ఉపన్యాసంలో జర్మనీలోని ఒక చిన్న ఊరి గురించీ, దాన్ని ఏలిన రాజుల గురించీ మాట్లాడతానంటే దానికీ దీనికీ సంబంధమేమిటని మీకు అనిపించడం సహజం. ముందు అది చెబుతాను. పంతులుగారు జీవితంలో ఎక్కువ భాగం గడిపింది పర్లాకిమిడిలో. అది మద్రాసు కాదు, రాజమహేంద్రవరమూ కాదు. ఒక జమీందారీ ఊరు. అక్కడ రాజావారి బడిలో పాఠాలు చెప్పుకుంటూనే ఆయన కొండల్లో ఉండే సవరల భాష నేర్చుకున్నారు, దానికి వాచకాలు రాశారు. పిల్లవాడి చదువు వాడి నోట్లో ఉన్న మాటతోనే మొదలవ్వాలని పట్టుబట్టారు. ఆ పట్టుదలే తర్వాత తెలుగు వచనం దారి మార్చింది. పెద్ద విశ్వవిద్యాలయాల్లో మొదలవ్వాల్సిన పని ఒక సంస్థానంలోని చిన్న ఊళ్ళో ఎలా మొదలైందా అని ఆలోచిస్తుంటే నాకు కోతెన్ గుర్తొచ్చింది. పంతులుగారు పుట్టడానికి రెండు వందల నలభై ఏళ్ళ ముందే ఆ ఊరి రాజు ఒకాయన పిల్లలకు మాతృభాషలో చదువు చెప్పించాలని బడి పెట్టాడు, పుస్తకాల కోసం అచ్చుకూటం పెట్టించాడు.

కోతెన్ జర్మనీ తూర్పు భాగంలో, ఇప్పటి సాక్సొనీ-అన్హాల్ట్ రాష్ట్రంలో ఉంది. హాలె పట్నానికి ఉత్తరంగా సుమారు ముప్ఫై కిలోమీటర్లు. జనాభా పాతిక వేలకు అటూ ఇటూ. మన లెక్కలో చిన్న మున్సిపాలిటీ. చుట్టూ నల్లటి సారవంతమైన నేల. గోధుమ, చక్కెర దుంప బాగా పండుతాయి. ఊరి మధ్య యాకోబు చర్చి, దాని రెండు శిఖరాలను కలుపుతూ ఎత్తున ఒక చిన్న వంతెన, కాస్త దూరంలో కోట. కొండ మీద కట్టిన దుర్గం అనుకోకండి. చదునైన నేల మీద, తోట మధ్య ఉన్న రాజుల ఇల్లు అది.

ఆ రాజులు అన్హాల్ట్ వంశం వాళ్ళు. మన ఇళ్ళల్లో అన్నదమ్ములు పొలం పంచుకున్నట్టే వాళ్ళు రాజ్యాన్ని పంచుకునేవారు. పెద్దకొడుకుకే అంతా అన్న నియమం ఆ ఇంట్లో అప్పటికి లేదు. 1603లో అయిదుగురు అన్నదమ్ములు కూర్చొని వాటాలు రాసుకున్నారు. డెసావ్, బెర్న్‌బుర్గ్, జెర్బ్‌స్ట్, కోతెన్ నలుగురికి దక్కాయి. అయిదో ఆయన ముందు డబ్బు తీసుకొని, తర్వాత ప్లెట్స్‌కావ్ అనే చిన్న ముక్క పుచ్చుకున్నాడు. జెర్బ్‌స్ట్ శాఖ ఆడపడుచే తరవాతి శతాబ్దంలో రష్యాను ఏలిన మహారాణి కేథరిన్. కోతెన్ అందరిలోకీ చిన్నవాడైన లుడ్విగ్ వాటాకు వచ్చింది.

ఇంత చిన్న రాజ్యానికి రాజు అంటే ఏమిటో మనం సరిగ్గా ఊహించుకోవాలి. మన జమీందార్ల పైన కుంఫిణీ ఉన్నట్టు వీళ్ళ పైన చక్రవర్తి ఉన్నా, చట్టాలు వీళ్ళవే, న్యాయస్థానం వీళ్ళదే, ప్రజలు ఏ శాఖ క్రైస్తవం పాటించాలో చెప్పేదీ వీళ్ళే. కానీ దండెత్తడానికి సైన్యం లేదు, దండెత్తి వచ్చినవాణ్ణి ఆపడానికీ లేదు. అధికారం కోట తోట దాటితే పెద్దగా పారదు. అలాంటి రాజుకు చరిత్రలో మిగిలేది తన యుద్ధాలు కాదు. ఎవర్ని పిలిచి కూర్చోబెట్టాడు, ఎవరికి నీడ ఇచ్చాడు, అది మిగులుతుంది. కోతెన్ రాజుల చరిత్ర మొత్తం ఈ ఒక్క కొలతతోనే నేను చూస్తున్నాను.

లుడ్విగ్ పుట్టింది 1579లో. కుర్రతనంలో దేశాలు తిరిగాడు. ఇటలీలో చాలాకాలం ఉన్నాడు. ఫ్లారెన్సులో ‘క్రుస్కా’ అనే పండితసభ ఉండేది. క్రుస్కా అంటే తవుడు. పిండిలోంచి తవుడు జల్లించినట్టు ఇటాలియన్ భాషను జల్లించి మంచి మాటలు ఏరడం వాళ్ళ పని, జల్లెడే వాళ్ళ గుర్తు. 1600లో లుడ్విగ్‌ను ఆ సభలో చేర్చుకున్నారు. అప్పటికి జర్మన్ భాష పరిస్థితి ఏమిటంటే, పండితులు లాటిన్‌లో రాసేవారు, దర్బారుల్లో ఫ్రెంచ్ మాటలు దొర్లేవి, జర్మన్ ఇంట్లోకీ, చర్చిలోకీ, కచేరీ కాగితాల్లోకీ పరిమితం. ఇటాలియన్లు తమ భాషకు ఇంత చేసుకుంటుంటే మనకేం తక్కువ అన్న ఆలోచన ఆ కుర్రవాడికి అక్కడే కలిగి ఉండాలి.

1617లో ఆయన అక్క, వైమార్ రాణి డొరొతియా మరియా చనిపోయింది. చదువంటే ప్రాణం పెట్టిన మనిషి ఆమె. అంత్యక్రియలకు బంధువులంతా వైమార్‌లో కలిశారు. ఆ దుఃఖంలో, ఆగస్టు 24న, అక్కడి కోటలోనే ఒక సమాజం పెట్టుకున్నారు. దాని పేరుకు తెలుగు చెప్పుకోవాలంటే ఫలదాయక సమాజం. అధ్యక్షుడు లుడ్విగ్. అందుకే సమాజం కేంద్రం కోతెన్ అయింది.

ఆ సమాజం గుర్తు ఏమిటో తెలిస్తే మన కోనసీమ వాళ్ళు ఉలిక్కిపడతారు. కొబ్బరి చెట్టు! వాళ్ళు దాన్ని ‘ఇండియా తాటిచెట్టు’ అని పిలుచుకున్నారు. కింద నినాదం: అన్నీ ఉపయోగానికే. మంచుపడే ఆ దేశంలో ఆ చెట్టు మొలవదు. యాత్రికుల పుస్తకాల్లో చదివి, ఆ చెట్టులో పనికిరాని భాగమే లేదని తెలుసుకొని ముచ్చటపడ్డారు. నీళ్ళు తాగొచ్చు, కాయ తినొచ్చు, నూనె తీయొచ్చు, పీచుతో తాడు పేనొచ్చు, ఆకుతో ఇల్లు కప్పొచ్చు, మానుతో దూలం వేయొచ్చు. ఈనెల చీపురు, చిప్ప గరిటె సంగతి వాళ్ళకు తెలుసో లేదో గానీ మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఒక భాష ఎలా ఉండాలో చెప్పడానికి వాళ్ళకు తమ దేశంలోని ఓక్ చెట్టు చాలలేదు, మన పెరటి చెట్టు కావలసి వచ్చింది. జాతి గొప్ప కోసమో అందం కోసమో కాకుండా, అన్ని పనులకూ పనికొచ్చే భాష కావాలన్నది దాని అర్థం. కోతెన్ చరిత్రలో నాకు అన్నిటికంటే ఇష్టమైన విషయం ఇదే.

సమాజంలో చేరిన ప్రతివాడికీ ఒక మొక్కనో పంటనో గుర్తుగా ఇచ్చేవారు, దానికి తగ్గ పేరు, ఒక నినాదం ఇచ్చేవారు. లుడ్విగ్ గుర్తు గోధుమ రొట్టె, పేరు ‘పోషకుడు’. మొదటి సభ్యుడు టొయిట్‌లేబెన్ పేరు ‘పిండి నిండినవాడు’. కవి ఓపిట్స్ ‘కిరీటం పొందినవాడు’. వ్యాకర్త షొట్టెల్ ‘వెతికేవాడు’. హార్స్‌డెర్ఫర్ ‘ఆడుకునేవాడు’. సభలోనూ ఉత్తరాల్లోనూ ఈ పేర్లే వాడాలని నియమం. పిండి మూటకు బిరుదులుండవు, గోధుమ రొట్టెకు గోత్రం ఉండదు. రాజు, గుమాస్తా, కవి, సైనికాధికారి ఒకే రకం పేరుతో ఒకరికొకరు రాసుకున్నారు. సభ్యుల్లో ఎక్కువమంది ప్రభువర్గం వాళ్ళేనన్నది నిజం, ఆడవాళ్ళకు సభ్యత్వం లేదన్నదీ నిజం. అయినా 17వ శతాబ్దంలో ఒక రాజు తన బిరుదులు గుమ్మం దగ్గర వదిలి లోపలికి వెళ్ళడం చిన్న సంగతి కాదు. 1646లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో మేరియాన్ అనే ఆయన 400 మంది సభ్యుల గుర్తులను రాగిరేకుల మీద చెక్కి అచ్చు వేశాడు. లుడ్విగ్ పోయేనాటికి సభ్యులు 527 మంది. సమాజం సాగినన్నాళ్ళూ కలుపుకుంటే 890.

సభ పెట్టి ఊరుకున్నా లుడ్విగ్ పేరు మిగిలేది. ఆయన బడి కూడా పెట్టాడు. 1618లో వోల్ఫ్‌గాంగ్ రాత్కె అనే బోధకుణ్ణి కోతెన్‌కు పిలిపించాడు. పిల్లవాడికి ముందు మాతృభాష, అది బాగా వచ్చాక లాటిన్, ఆ తర్వాత గ్రీకు. అర్థం కానిదాన్ని వల్లె వేయించకూడదు, కొట్టి నేర్పకూడదు. ఇవీ రాత్కె సూత్రాలు. మరుసటి ఏడు బడి తెరిచారు. నాలుగు వందలకు పైగా పిల్లలు చేరారు. అందులో దాదాపు సగం మంది ఆడపిల్లలు. కింది మూడు తరగతుల్లో అంతా జర్మన్‌లోనే. వాచకాలు లేవు కాబట్టి వాటిని రాయించి అచ్చు వేయడానికి రాజు సొంత అచ్చుకూటం పెట్టాడు. పంతులుగారు సవర పిల్లల కోసం ముందు వాచకం రాసి, తర్వాత బడి తెరిచిన సంగతి నాకు ఇక్కడ గుర్తొస్తుంది. పుస్తకం లేని భాషలో చదువు చెప్పాలనుకున్న ఎవరికైనా మొదటి అడ్డంకి అదే.

ఆ బడి ఏడాది కూడా సవ్యంగా నడవలేదు. రాత్కె ఎవరినీ కలుపుకుపోయే మనిషి కాదు. తన పద్ధతి రహస్యమని దాచుకునేవాడు, తోటి ఉపాధ్యాయులతో గొడవపడేవాడు. పైగా క్రైస్తవంలో ఆయన లూథర్ శాఖవాడు, ఊరు కాల్విన్ శాఖ వాళ్ళది. 1619 అక్టోబరులో లుడ్విగ్ ఆయన్ని చెరలో వేయించాడు. ఎనిమిది నెలల తర్వాత, చేయగలిగినదానికంటే ఎక్కువ వాగ్దానం చేశానని కాగితం రాయించుకొని వదిలాడు. లుడ్విగ్‌ను మెచ్చుకునేవాళ్ళు ఈ సంగతి పక్కన పెట్టేస్తుంటారు. నేను పెట్టను. తనే పిలిచిన పంతుల్ని చెరలో వేయగలిగిన అధికారం ఆయన చేతిలో ఉంది, ఆయన వాడాడు. ఎంత మంచి రాజు నీడైనా అది రాజు నీడే. అయితే బడి చెదిరినా బడి కోసం పుట్టిన పుస్తకాలు మిగిలాయి. ఆ పథకంలో పనిచేసిన క్రిస్టియాన్ గ్వైంట్స్ అనే ఉపాధ్యాయుడు తర్వాత రాసిన జర్మన్ వ్యాకరణం 1641లో కోతెన్‌లోనే అచ్చయింది.

ఆ వ్యాకరణం చుట్టూ జరిగిన వాదాన్ని ఈ సభలో చెప్పకుండా వదలలేను. అదే ఏడు షొట్టెల్ వ్యాకరణం కూడా వచ్చింది. షొట్టెల్ మాట ఏమిటంటే, భాషకు లోపల ఒక క్రమం ఉంది, ధాతువుల్లో అది కనిపిస్తుంది, జనం వాడుక ఆ క్రమం తప్పితే వ్యాకర్త దిద్దాలి. గ్వైంట్స్, ఆయన వెనక ఉన్న లుడ్విగ్ ఒప్పుకోలేదు. వాడుకే ప్రమాణం, పండితుడు తర్కంతో కొత్త అక్షరక్రమం కల్పించి జనం మీద రుద్దకూడదు అన్నారు. ఏళ్ళ తరబడి ఉత్తరాలు నడిచాయి. ఒక మాటలో ఏ అక్షరం ఉండాలన్నదాని మీద రాజుగారు స్వయంగా పేజీలకు పేజీలు రాశారు. ఇది మన గ్రాంథిక వ్యావహారిక వాదమేనని నేను అనను. లుడ్విగ్ వాడుక అన్నది పొలంలో రైతు మాటను కాదు. లూథర్ బైబిలు భాష, కచేరీల భాష, సాక్సొనీలో చదువుకున్నవాళ్ళ భాష ఆయన ప్రమాణం. పంతులుగారు శిష్టవ్యావహారికం అన్నప్పుడు ఆయన మనసులో ఉన్నది కూడా ఇంచుమించు అలాంటి గీతే. పంతులుగారి ప్రత్యర్థి జయంతి రామయ్య పంతులుగారు పిఠాపురం రాజావారి అండతో సూర్యరాయాంధ్ర నిఘంటువు పనికి పూనుకున్నారు. అంటే మన దగ్గర ఈ వాదంలో రెండు పక్షాలకూ సంస్థానాల నీడ దొరికింది. అది మన అదృష్టం.

ఇదంతా ఏ కాలంలో జరిగిందో మరిచిపోకండి. 1618 నుంచి 1648 దాకా జర్మనీ అంతా ముప్ఫై ఏళ్ళ యుద్ధంలో మండిపోయింది. సైన్యాలు ఈ నేల మీదుగానే అటూ ఇటూ నడిచాయి, పంటలు తొక్కేశాయి, జబ్బులు మోసుకొచ్చాయి. లుడ్విగ్ కొన్నాళ్ళు స్వీడన్ రాజు తరఫున మాగ్డెబుర్గ్ ప్రాంతానికి ప్రతినిధిగా కూడా పనిచేశాడు. ఆ మంటల మధ్యనే ఆయన ఇటాలియన్ కవి పెట్రార్క్ రాసిన విజయగీతాలను జర్మన్‌లోకి తెచ్చి 1643లో తన ఊళ్ళో అచ్చు వేయించాడు. సభ్యుల ఉత్తరాలను ఒక పెట్టెలో భద్రం చేయించాడు. 1650 జనవరి 7న చనిపోయాడు. సమాజం మరో ఊరికి తరలిపోయింది. ఉత్తరాల పెట్టె మాత్రం కోతెన్‌లో ఉండిపోయింది.

లుడ్విగ్ కొడుకు పిల్లలు లేకుండా పోవడంతో ప్లెట్స్‌కావ్ శాఖ వాళ్ళు కోతెన్ గద్దె ఎక్కారు. ఆ తర్వాతి కొన్ని దశాబ్దాల్లో చెప్పుకోదగ్గ పని చేసింది ఒక ఆడమనిషి. గిజెలా ఆగ్నెస్ అనే ఆమెను 1692లో రాజు పెళ్ళి చేసుకున్నాడు. హోదాలో రాజుకు సాటి రాని కుటుంబం ఆమెది, పైగా లూథర్ మతస్థురాలు. ఆమె ఊళ్ళో లూథర్ మతస్థుల కోసం చర్చి కట్టించింది, బడి పెట్టించింది. భర్త పోయాక కొడుకు పెద్దవాడయ్యేదాకా రాజ్యం నడిపింది. ఆ కొడుకు పేరు లియోపోల్డ్. ఊరి పేరు ప్రపంచానికి తెలిసింది ఆయన వల్ల.

లియోపోల్డ్‌కు సంగీతం పిచ్చి. వయొలిన్, గాంబా అనే తంత్రీవాద్యం, హార్ప్సికార్డ్ అనే మెట్ల వాద్యం వాయించేవాడు, బాగా పాడేవాడు. హాలెండు, ఇంగ్లండు, ఇటలీ తిరిగి వచ్చాడు. 1713లో ప్రష్యాకు కొత్త రాజు వచ్చి, సంగీతం దండగని బెర్లిన్ ఆస్థాన వాద్యబృందాన్ని రద్దు చేశాడు. వీధిన పడ్డ వాళ్ళలో ఆరుగుర్ని కోతెన్ తీసుకుంది. పెద్ద రాజు వద్దన్నవాళ్ళను చిన్న రాజు చేరదీశాడు. 1717లో ఆ బృందానికి పెద్దగా యోహాన్ సెబాస్టియన్ బాఖ్‌ను నియమించాడు. బాఖ్ అప్పటికి వైమార్‌లో కొలువు. వెళ్ళిపోతానని గట్టిగా అడిగినందుకు అక్కడి ప్రభువు ఆయన్ని నవంబరు 6 నుంచి డిసెంబరు 2 దాకా చెరలో ఉంచి, ఆ తర్వాత పంపాడు. కోతెన్‌లో జీతం ఏడాదికి 400 థాలర్లు.

కాల్విన్ మతంలో చర్చిలో ఆడంబర సంగీతం కూడదు. అందుకని బాఖ్‌కు ఇక్కడ ప్రతి ఆదివారం భక్తిగీతం కట్టే పని లేదు. రాజు కోసం, తోటి వాద్యకారుల కోసం, ఇంట్లో పిల్లల కోసం రాశాడు. బ్రాండెన్‌బుర్గ్ కచేరీలుగా పేరుపడ్డ ఆరింటికీ అంకితం రాసింది ఈ ఊళ్ళోనే, 1721 మార్చి 24న. పన్నెండు స్వరస్థానాల్లో ఒక్కొక్కదాన్ని ఆధారంగా పెట్టుకొని రెండేసి చొప్పున ఇరవై నాలుగు రచనలు చేసిన ‘చక్కగా శ్రుతి చేసిన వాద్యం’ పుస్తకం 1722 నాటిది. పెద్దకొడుకుకు నేర్పడానికి 1720లో మొదలుపెట్టిన పాఠాల పుస్తకంలో దాని మొలకలు కనిపిస్తాయి. ఒక తండ్రి పిల్లవాడికి వేళ్ళు ఎలా పెట్టాలో చూపించడానికి రాసుకున్న పాఠం ప్రపంచ సంగీతానికి పునాది పుస్తకమైంది.

ఇక్కడే ఆయనకు కష్టమూ వచ్చింది. 1720 వేసవిలో రాజు వెంట కార్ల్స్‌బాద్ వేడినీటి బుగ్గలకు వెళ్ళాడు. వెళ్ళేటప్పుడు భార్య మరియా బార్బరా ఆరోగ్యంగా ఉంది. తిరిగి వచ్చేసరికి ఆమె చనిపోవడమే కాదు, పాతిపెట్టడం కూడా అయిపోయింది. జూలై 7న అని చర్చి చిట్టాలో ఉంది. కబురు అందలేదు. మరుసటి ఏడు డిసెంబరులో ఆస్థాన గాయని అన్నా మగ్దలేనాను పెళ్ళాడాడు. వారం తిరగ్గానే రాజు పెళ్ళి జరిగింది.

ఇప్పుడు ఒక కాగితం ముక్కను దగ్గరగా చూద్దాం. కోతెన్ ఖజానా లెక్కల్లో 1719 మార్చి నాటి పద్దు ఒకటి ఉంది. బెర్లిన్‌లో తయారైన హార్ప్సికార్డ్‌కూ దాన్ని తెచ్చిన ఖర్చుకూ బాఖ్‌కు 130 థాలర్లు చెల్లించినట్టు అందులో రాశారు. అంతే. గుమాస్తా ఎవరో తన పని తాను చేసుకుపోయాడు. ఆ ఒక్క పద్దు వల్ల ఎన్ని తెలిశాయో చూడండి. ఆ వాద్యం విలువ బాఖ్ ఏడాది జీతంలో మూడో వంతుకు దగ్గర అని తెలిసింది. దాన్ని తేవడానికి బాఖ్ బెర్లిన్ వెళ్ళాడని తెలిసింది. ఆ ప్రయాణంలోనే, తర్వాత ఆ ఆరు కచేరీల అంకితం అందుకున్న బ్రాండెన్‌బుర్గ్ ప్రభువు ఆయన వాద్యం విని ఉంటాడని, ఆ కొత్త వాద్యం కోసమే అయిదో కచేరీలో హార్ప్సికార్డ్‌కు అంత పెద్దపీట వేశాడని పండితులు ఊహించగలిగారు. బాఖ్ ఇంట్లో బృందం సాధన చేసినందుకు ఆయనకు ఇచ్చిన ఇంటి అద్దె కూడా ఆ లెక్కల్లో ఉంది. కోతెన్‌లో బాఖ్ రాసిన సంగీతంలో చాలా భాగం పోయింది. మిగిలిందాన్ని పేర్చి చెప్పడానికి ఆధారం ఈ పద్దులే.

అంతే కాదు, మనిషి జ్ఞాపకాన్ని కూడా పద్దు దిద్దుతుంది. 1730లో బాఖ్ చిన్ననాటి స్నేహితుడికి ఉత్తరం రాస్తూ, సంగీతం ప్రేమించే, సంగీతం తెలిసిన రాజు దగ్గర జీవితమంతా గడుపుదామనుకున్నానని, రాజు పెళ్ళయ్యాక ఆ ఇష్టం చల్లబడిందని, కొత్త రాణికి సంగీతం గిట్టదని సూచించాడు. చాలాకాలం ఆ అమ్మాయి మీద ఆ నింద ఉండిపోయింది. తేదీలు చూస్తే ఆమె 1723 ఏప్రిల్ 4న చనిపోయింది. బాఖ్ లైప్‌జిగ్‌కు కాపురం మార్చింది ఆ తర్వాత, మే నెలలో. సంగీతానికి పెట్టే ఖర్చు ఆమె రాకముందు నుంచే తగ్గుతూ వచ్చిందని లెక్కలు వెతికిన చరిత్రకారులు చూపించారు. చిన్నవయసులో పోయిన ఒక ఆడపిల్లకు ఆలస్యంగానైనా న్యాయం చేసినవి ఖజానా గుమాస్తా రాసిన అంకెలు.

లియోపోల్డ్ 1728 నవంబరులో చనిపోయాడు. ముప్ఫై నాలుగేళ్ళు నిండలేదు. మరుసటి మార్చిలో అంత్యక్రియల సంగీతానికి బాఖ్ భార్యతో, పెద్దకొడుకుతో వచ్చి యాకోబు చర్చిలో కచేరీ చేశాడు. ఆ స్వరప్రతి దొరకలేదు. సాహిత్యం దొరికింది. ఆ సాహిత్యంలో చాలా భాగం బాఖ్ రాసిన ‘మత్తయి పాషన్’ అనే చర్చి సంగీత రచన బాణీలకు సరిపోతుంది. లియోపోల్డ్ గురించి నా అభిప్రాయం ఇది: ఆయన హృదయం గొప్పది, కానీ ఆయన కట్టింది తన ఆనందం కోసం. ఆయన ఇష్టం తగ్గితే బృందం తగ్గింది, ఆయన పోతే కథ ముగిసింది. మన విజయనగరంలో 1919లో పెట్టిన సంగీత కళాశాల ఆదిభట్ల నారాయణదాసుగారితో మొదలై, రాజ్యాలు పోయాక కూడా పిల్లలకు నేర్పుతూనే ఉంది. రాజు సంగీతం వినడం వేరు, ఊరికి సంగీతం బడి ఇవ్వడం వేరు.

తర్వాతి రాజుల్లో ఫెర్డినాండ్ ఒక్కడి దగ్గర ఆగుతాను. 1818 నుంచి 1830 దాకా ఏలాడు. అప్పటికి ఆ వంశానికి డ్యూక్ బిరుదు వచ్చింది. లైప్‌జిగ్‌లో మందుల దుకాణదార్లు దావా వేసి, సొంతంగా మందు కలిపి ఇవ్వకుండా చేసిన వైద్యుడికి 1821లో ఈయన కోతెన్‌లో చోటిచ్చాడు. ఆ వైద్యుడు శామ్యూల్ హానిమన్. గుడివాడలో హోమియో కళాశాల ఉన్న మన ప్రాంతంలో ఆ పేరు తెలియనివాళ్ళు అరుదు. ఆ వైద్యం శాస్త్రపరీక్షకు నిలిచిందా అంటే నేటి వైద్యశాస్త్రం నిలవలేదనే చెబుతుంది. చరిత్ర వరకు చెప్పాలంటే, 1835లో పారిస్ వెళ్ళేదాకా ఆయన పద్నాలుగేళ్ళు ఉన్నది ఈ ఊళ్ళోనే. పక్క పల్లెలో పొలం చేసుకుంటూ పక్షుల్ని గమనించిన నౌమాన్ అనే ఆయన సేకరించిన పక్షుల నమూనాలను కూడా 1821లోనే ఈ డ్యూక్ కొన్నాడు. అవి ఇప్పటికీ కోటలోనే ఉన్నాయి. 1828లో రష్యా జార్ చక్రవర్తి దగ్గర దక్షిణ ఉక్రెయిన్ గడ్డిమైదానంలో నేల సంపాదించి, అక్కడికి గొర్రెల మందల్ని తోలించాడు. అస్కానియా నోవా అన్న ఆ చోటు తర్వాత పేరుపొందిన అభయారణ్యమైంది.

ఇవన్నీ చెప్పి ఒకటి దాచకూడదు. 1825 డిసెంబరు 6న, నీన్‌బుర్గ్‌లో జాలె నది మీద కొత్తగా కట్టిన వంతెన పైన డ్యూక్ దంపతుల గౌరవార్థం జనం కాగడాలతో గుమిగూడారు. వంతెన కూలింది. 55 మంది పోయారు. ఆ చలిలో, ఆ చీకట్లో, దొరగారికి జేజేలు కొట్టడానికి వచ్చిన మామూలు మనుషులు వాళ్ళు. రాజుల చరిత్ర రాసేవాళ్ళు బాఖ్‌కు ఇచ్చిన పేజీల్లో ఒకటైనా వాళ్ళకు ఇవ్వాలని నా కోరిక.

1847 నవంబరు 23న డ్యూక్ హెన్రిక్ సంతానం లేకుండా చనిపోవడంతో కోతెన్ వంశం ముగిసింది. ఊరు డెసావ్ వాళ్ళ కిందికి వెళ్ళింది. 1855లో లుడ్విగ్ భద్రం చేయించిన ఉత్తరాల పెట్టెను తెరిచి, వాటిని పుస్తకంగా అచ్చు వేశారు. వ్యాకరణం మీద రాజూ పండితులూ పోట్లాడుకున్న మాటలు అందులో ఉన్నాయి. 1918 నవంబరులో అన్హాల్ట్ గద్దె కూడా పోయింది. రాజ్యం పోయింది, పెట్టె మిగిలింది, ఖజానా లెక్కలు మిగిలాయి.

అందుకే ఈ సభలో ఒక మనవి చేసుకుంటున్నాను. గద్వాల, వనపర్తి, జటప్రోలు, వెంకటగిరి, బొబ్బిలి, పిఠాపురం, పర్లాకిమిడి — ఈ సంస్థానాల్లో కరణాలుగా, దివాన్లుగా, ఆస్థాన విద్వాంసులుగా, వంటవాళ్ళుగా, మేళగాళ్ళుగా పనిచేసిన కుటుంబాల వారసులు మీలో ఉండవచ్చు. మీ ఇంటి అటక మీద ఆ కాలపు కవిలెలు, జమాఖర్చు పుస్తకాలు, ఉత్తరాల కట్టలు ఉంటే, చెదలు పట్టాయని తగలబెట్టకండి, పాత కాగితాల వాడికి తూకానికి వేయకండి. ఏ వీణకు ఎంత ఇచ్చారో, ఏ పంతులుకు ఎంత జీతమిచ్చారో అందులో ఉంటుంది. వాటిని ఫోటో తీయించండి. తీసి, అసలు ప్రతుల్ని స్టేట్ ఆర్కైవ్స్‌కు అప్పగించండి. ఎలా పంపాలో తెలియకపోతే సభ అయ్యాక నన్ను కలవండి, ఎంత దూరమైనా నేనే వచ్చి తీసుకెళ్తాను.